రోలు చుట్టూ అబిసీనియా

ఆ రోజుల్లో ఆడపిల్ల చేతికి తిప్పడానికి ఏదైనా ఇచ్చారంటే అది తిరగలి పిడో, కవ్వం తాడో అయ్యేది గాని మోటారు చక్రం మాత్రం ఇచ్చేవాళ్లు కాదు. రాష్ట్రం ఏర్పడి ఇంకా పదేళ్లు నిండలేదు. మా మార్కాపురం అప్పటికి కర్నూలు జిల్లాలోనే ఉంది. ఊళ్లో కారు హారను వినపడితే అది ఎవరి కారో వంటింట్లోంచే చెప్పగలిగేవాళ్లం, అంత తక్కువ కార్లు. అలాంటి ఊళ్లో ఉంటూ, బడి గుమ్మం తొక్కకుండా అర్ధవీడులో మా నాయన పలక మీద దిద్దించిన నాలుగక్షరాలే చదువుగా పెరిగిన నేను, పరాయి దేశంలో బాడుగ కారు నడపడానికి తయారయ్యానంటే ఇప్పుడు నాకే నమ్మబుద్ధి కాదు. (నమ్మనివాళ్ల మీద నాకేమీ కోపం లేదు. నా లైసెన్సు చూసిన బ్రేకు ఇనస్పెక్టరు కూడా నమ్మలేదు, ఇచ్చింది ఆయనే అయినా.) దేవుడు నా చేత చాలా పనులే చేయించాడు, అన్నిటికీ ఆయనకు దండం. ఈ ఒక్కటి చేయించేటప్పుడు మాత్రం ఆయన కొంచెం నవ్వుకుని ఉంటాడని నా అనుమానం.

మా ఆయన సైన్సు అయ్యవారు. పెళ్లయి ఏడాది తిరక్కుండానే, అబిసీనియా దేశంలో లెక్కలకూ సైన్సుకూ మాస్టర్లు కావాలంటే ఎంపికై ఓడెక్కి వెళ్లిపోయారు. (ఇప్పుడు ఇథియోపియా అంటున్నారు. మా అత్తగారికి మాత్రం చివరిదాకా అది 'అబ్బిసీనా'యే.) నేను అత్తగారి దగ్గర, మామగారి దగ్గర మిగిలిపోయాను. వాళ్లు చెడ్డవాళ్లు కారు. నన్ను ఒక్క మాట కూడా అన్నవాళ్లు కారు. ఆ ఒక్క మాట కూడా లేకపోవడమే నా బాధ. మామగారు పలకల షావుకారు దగ్గర గుమాస్తా. పొద్దున వెళితే దీపాల వేళకు వచ్చేవారు. అత్తగారు 'ఉప్పు', 'నీళ్లు', 'పొయ్యి' అని మాటలను కూడా కొలిచి వాడేది. కొడుకు దూరమైనాడన్న కోపం నా మీదనేమో అనుకునేదాన్ని. అవతలి వాడలో పలకలు కోసే రంపం చప్పుడు సాయంత్రానికి ఆగిపోయేది. అప్పుడు ఆ ఇంట్లో ఎంత నిశ్శబ్దం ఉండేదంటే, వత్తి కాలే చప్పుడు వినపడుతుందేమో అన్నట్టుండేది. మాట్లాడాలనిపిస్తే పెరట్లో తులసమ్మతో మాట్లాడేదాన్ని. ఆమె కూడా తక్కువ మాట్లాడే మనిషే.

ఇలా ఉండగా ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. బడి ఊరికి దూరంగా కొండ మీద ఉందట. అక్కడ సంసారాలున్న మాస్టర్లకు ఇళ్లిస్తారట గాని, బస్సు లేదు, సంతకైనా డాక్టరుకైనా కొండ దిగాల్సిందే, కాబట్టి సొంతంగా వచ్చిపోయే ఏర్పాటున్న వాళ్లకే ఇస్తారట. ఊళ్లో ఒక ఇటలీ ఆయన షెడ్డు పెట్టుకుని చిన్న కార్లు నెలబాడుగకు ఇస్తాడు. ఈయన పోయి అడిగితే, ముందు కళ్ల పరీక్ష చేసి, అద్దాల మందం చూసి, 'మీరు ఎక్కండి గాని నడపకండి' అని పంపించేశాడట. 'కాబట్టి నువ్వు నేర్చుకుని వస్తే మనకు ఇల్లు వస్తుంది. రాలేకపోతే నీ తప్పు లేదు, ఒప్పందం అయిపోయేదాకా నేనిక్కడ, నువ్వక్కడ' అని రాశారు. ఆ ఒప్పందం ఇంకా ఏళ్ల మీద ఉంది. దాని కింద మళ్లీ: 'ఇక్కడ బండ్లు రోడ్డుకు కుడిపక్కన పోతాయి. చక్రం కారుకు ఎడమపక్క ఉంటుంది. భయపడకు. ఈ మధ్యనే ఎడమ నుంచి కుడికి మార్చారు. దేశం దేశమే తడబడుతోంది, అందులో నువ్వొక్కదానివి తడబడితే ఎవరికీ తెలియదు.'

ఉత్తరం చదివి వినిపిస్తే మామగారు ఉత్తరీయం సర్దుకుని, "నేర్చుకో మరి," అన్నారు. అత్తగారు వక్క నములుతూ లోపలికి పోయింది.

షావుకారు గారికొక పాత కారు ఉండేది, వారంలో ఒక రోజు ఆయనకు దానితో పని ఉండేది కాదు. ఆ రోజున, పలకలను స్టేషనుకు తోలే లారీ డ్రైవరు నాకు నేర్పేటట్టు మామగారు మాట్లాడారు. ఊరంతా ఆయన్ను లారీ మామ అనే పిలిచేది. లారీ మామకు కారంటే చులకన. "ఇది బండి కాదమ్మాయ్, అగ్గిపెట్టె. దీన్ని నేర్చుకునేదేంది?" అంటూనే మొదటి రోజు నన్ను కూర్చోబెట్టి స్టేషను దారి పట్టించాడు. ఆ దారిలో ఆంజనేయస్వామి గుడి ఉంది. గుడి ముందు నుంచి పోతూ దండం పెట్టకుండా పోవడం నేను పుట్టి ఎరగను. గుడి రాగానే కళ్లు మూసుకుని, రెండు చేతులూ జోడించాను. కళ్లు తెరిచేసరికి కారు జొన్న చేలో ఉంది, లారీ మామ చేతులు చక్రం మీద ఉన్నాయి, ఆయన ముఖాన చెమట ఉంది.

"అమ్మాయ్," అన్నాడు మెల్లగా, ఊపిరి అందినాక. "స్వామికి నువ్వు దండం పెట్టకపోయినా బతుకుతాడు. మనం బతకం."

"తప్పయింది మామా. చెయ్యి దానంతటదే లేసింది."

"లేస్తే లేచింది గానీ, ఒక చెయ్యన్నా మన కోసం ఉంచు తల్లీ."

(అప్పటినుంచి ఆ గుడి ముందు లారీ మామే నా తరఫున కూడా 'జై హనుమాన్' అనేవాడు. మసీదు దాటేటప్పుడు తన మాట తను చెప్పుకునేవాడు. ఇంత ఓపికగల మనిషిని నాకు చూపించినందుకు ఇప్పటికీ కృతజ్ఞురాలిని.)

కానీ ఆ కారు చక్రం కుడిపక్క, మన రోడ్డు ఎడమపక్క. అక్కడికి కావలసింది దీనికి తలకిందులు. అందుకని తలకిందుల చదువు ఇంట్లో మొదలుపెట్టాను. మా ఊళ్లో విరిగిన పలకలకు కొదవ లేదు గదా, మూడు ముక్కలు తెచ్చి, బలపంతో 'క్ల', 'బ్రే', 'యా' అని రాసి, నేల మీద పరిచి కాళ్లు పెట్టుకునేదాన్ని. వంటింట్లోంచి జొన్నపిండి జల్లించే జల్లెడ తెచ్చుకుంటే అదే చక్రం. ఆయన రెండో ఉత్తరంలో ఇంకో సంగతి రాశారు. ఊరి నడిబొడ్డున కూడలిలో ఒక రాతి సింహం ఉందట, ఆ దేశపు రాజుగారి గుర్తు. బండ్లన్నీ దాని చుట్టూ తిరిగే పోవాలి. సింహం ఎప్పుడూ మన ఎడమచేతి పక్క ఉండాలి. 'ఇది ఒక్కటి బాగా అలవాటు చేసుకో, అందరూ అక్కడే తప్పు చేస్తారు' అని కింద గీత గీసి మరీ రాశారు. మా పెరట్లో సింహం లేదు. నడిమధ్యన తులసికోట ఉంది.

ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది. అప్పుడు నాకు కాలేదు. నా మనసంతా ఆ కొండ మీది ఇంటిలో ఉంది. జల్లెడ పట్టుకుని, నోటితో ఇంజను చప్పుడు చేసుకుంటూ (ఎవరూ చూడటం లేదన్న ధైర్యం), తులసికోటను ఎడమచేతి పక్క ఉంచుకుని చుట్టూ తిరుగుతున్నాను. మలుపు దగ్గర ఎడమ చెయ్యి బయటికి చాస్తున్నాను. ఆ రోజు శుక్రవారం, షావుకారు కొట్టుకు సెలవు, మామగారు ఇంట్లోనే ఉన్నారు. బావి దగ్గర చెంబు కిందపడిన చప్పుడైంది.

"ఏందే ఇది!" అత్తగారు. ఏడాది మొత్తంలో ఆమె నాతో అంత గట్టిగా మాట్లాడింది అదే. "నా కొడుకు సముద్రాల అవతల ఉంటే నువ్వు తులసమ్మకు ఎడంసుట్టు తిరుగుతాండావా? ఎడంసుట్టు యాడ తిరుగుతారో తెలుసునా నీకు?"

తెలుసు. శ్మశానంలో తిరుగుతారు. నా చేతిలోంచి జల్లెడ జారిపోయింది.

"అత్తా, ఇది తులసమ్మ కాదత్తా, సింహం," అన్నాను. (భయంలో నోటికొచ్చింది అదే. దానివల్ల నా పరిస్థితి ఏమీ మెరుగుపడలేదు.)

"ఓరి నా దేవుడా! తులసమ్మ సింహమంట! వింటిరా?" అని ఆమె ఇంట్లోకి కేక వేసింది. మామగారు పంచాంగం పట్టుకుని బయటికి వచ్చారు. "పోనీలేవే, బండి నేర్చుకుంటాంది పిల్ల," అన్నారు.

"బండీ వద్దు, అబ్బిసీనా వద్దు. ఎడంసుట్టు తిరిగే దేశానికి నేను కోడల్ని పంపేది లేదు. వాడే తిరిగొస్తాడు."

ఆ మాటతో నా ప్రయాణం పెరట్లోనే ఆగిపోయింది. ఆమె కాదంటే మామగారు అవుననరు. ఆయన కాదని నేను గడప దాటను. దోషం పోవడానికి నేనెన్ని చుట్లు ఎడమకు తిరిగానో అంతకు రెట్టింపు కుడికి తిరగమంది. ఎన్ని తిరిగానో నాకు గుర్తు లేదన్నాను. అయితే తను చాలనేదాకా తిరగమని అరుగు మీద కూర్చుంది. పొద్దు వాలేదాకా తిరిగాను. నేర్చుకున్నదంతా అడుగడుగునా వెనక్కి చుట్టుకుపోతున్నట్టనిపించింది, దారం ఉండను మళ్లీ చుట్టినట్టు. తులసమ్మకు మాత్రం మనసులోనే చెప్పుకున్నాను: తల్లీ, పంపినా పంపకపోయినా నీ దయే, కానీ పంపితే బాగుండు.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పడానికి ఏమీ లేదు. వండేదాన్ని, వడ్డించేదాన్ని. పలక ముక్కలు మంచం కింద పడేశాను. ఆయనకు జాబు రాయాలని కూర్చుంటే 'ఇక్కడ అందరం క్షేమం' దగ్గర కలం ఆగిపోయేది. లారీ మామ వచ్చి గుమ్మంలో నిలబడి, "ఏమమ్మాయ్, అగ్గిపెట్టె ఎదురు చూస్తాంది," అంటే, "ఒంట్లో బాలేదు మామా," అని పంపేశాను. ఆయన వెళ్లిపోతూ కారు హారను ఒకసారి కొట్టాడు. ఆ చప్పుడుకు ఏడుపొచ్చింది. హారనుకు ఏడ్చిన మనిషిని నన్ను తప్ప నేనింకెవరినీ చూడలేదు.

ఒక సాయంత్రం జొన్నలు చెరుగుతూ ఉన్నట్టుండి అత్తగారు అడిగింది. "ఆడ బండ్లో వాడు యాడ కూచుంటాడు?"

మొదట నాకు అర్థం కాలేదు. "ఎవరత్తా?"

"ఇంకెవురు. నా కొడుకు. నువ్వు తోలితే వాడు యాడ కూచుంటాడు అని."

"నా పక్కన, అత్తా."

"పక్కనంటే ఏ పక్కన?"

చక్రం ఎడమపక్క ఉంటుంది కాబట్టి నేను ఎడమపక్క, ఆయన నా కుడిపక్క అని చెప్పాను. ఆమె చేట కింద పెట్టింది. కాసేపు గాలిలో చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత లేచి అటక మీద నుంచి రెండు పీటలు దించింది. అవి మా పెళ్లిపీటలు. పసుపు మరకలు ఇంకా పోలేదు. "చూపీ," అంది. పక్కపక్కన వేసి, ఎడమ పీట మీద నేను కూర్చున్నాను. కుడి పీట ఖాళీగా ఉంది. ఆమె నన్ను చూసింది, ఆ ఖాళీ పీటను చూసింది, చాలాసేపు చూసింది.

"తలంబ్రాలయినాక నిన్ను వాడికి ఎడమపక్కకు మార్చినారు గదా," అంది. "అట్లనే ఉందే."

"అవునత్తా."

"మన ఊరి కారులో అయితే?"

"నేను కుడిపక్క, ఆయన ఎడమపక్క."

"ఛీ. అది తప్పు," అంది అత్తగారు, ఎంతో కాలంగా మోటారు వాహనాల శాస్త్రం చదివినట్టు. "ఆ దేశమోల్లకు తెలుసు. పెండ్లాం ఎడమపక్కనే ఉండాల. తిరిగేది ఎట్ల తిరిగినా కూచునేది సరిగ్గ కూచుంటాండారు."

అని, ఆమె వచ్చి ఆ ఖాళీ పీట మీద కూర్చుంది. ఆకువక్క సంచి ఒళ్లో పెట్టుకుంది. కొంగు బిగించుకుంది. ముందుకు చూస్తూ, "ఊ. పోనీ," అంది.

నేను మంచం కింది పలక ముక్కలు తెచ్చాను. జల్లెడ తెచ్చాను. క్లచ్చి తొక్కి, గేరు వేసి (గేరు కర్రకు పప్పుగుత్తి), బండి కదిలించాను. ఆమె నిజంగానే కొంచెం వెనక్కి ఊగింది.

"ఇప్పుడు యాడికి పోతాండాము?"

"కొండ మీది బడి దగ్గరికత్తా."

"వాడుండాడా ఆడ?"

ఆ అడగడంలో ఆమె గొంతు మారింది. అప్పుడు తెలిసింది నాకు. ఆ ఇంట్లో ఇన్నాళ్లూ ఒక్కదాన్నే ఒంటరిదాన్ననుకున్నాను. ఒకే మనిషి కోసం ఇద్దరం చెరో గదిలో మూగగా కూర్చుని ఉన్నామని తెలియలేదు. "ఉన్నారత్తా. గేటు దగ్గర నిలబడున్నారు," అన్నాను. "చిక్కినాడా?" అని అడిగింది. "కొంచెం," అన్నాను. "చిక్కుతాడు, వాడికి జొన్నరొట్టె యాడ దొరుకుతాది ఆడ," అని కళ్లు తుడుచుకుని, వెంటనే, "కుక్క అడ్డమొచ్చింది, బ్రేకు తొక్కు!" అని అరిచింది. తొక్కాను. కుక్క బతికింది.

ఇక తులసమ్మ సంగతి మిగిలింది. దానికీ ఆమే దారి చూపింది. పెరటి మూల రుబ్బురోలు ఉంది, దాని చుట్టూ తిరగమంది. "దానికి పసుపు రాసేది నేనే, బొట్టు పెట్టేది నేనే. నేను చెప్తాండా గదా, అది ఏమీ అనుకోదు." ఆ రోజు నుంచి రోలే సింహం. రోలు చుట్టూ ఎడమకు ఎన్ని చుట్లు తిరిగితే, తర్వాత తులసమ్మకు కుడికి అన్ని తిరిగి సరిచెయ్యాలని మాత్రం షరతు. (లెక్క సరిపోతుందిగాని, కాళ్లకు ఏ చుట్టు దేనిదో తెలియకుండా పోతుందని మాకు అప్పుడు తోచలేదు.) పొద్దున్నే నేను తిరుగుతుంటే అత్తగారు బావి గట్టున నిలబడి, "చెయ్యి చాపు! చెయ్యి చాపకుండా మలిగితే వెనకొచ్చేటోడు ఏం గావాల?" అని అరిచేది. వెనక వచ్చేది మా కోడిపెట్ట.

లారీ మామ పాఠాలు మళ్లీ మొదలై, చివరికి కర్నూలు వెళ్లి లైసెన్సు తెచ్చుకున్నాను. లారీ మామ ఊరంతా చెప్పుకున్నాడు. బయల్దేరే రోజు మా నాయన అర్ధవీడు నుంచి వచ్చి, నా నెత్తిన చెయ్యి పెట్టి, "భద్రం తల్లీ, మన గొర్రెలను తోలినట్టే, బెదరగొట్టకుండా తోలు," అన్నాడు. అత్తగారు జొన్నపిండి మూట కట్టింది, దాని మీద జల్లెడ పెట్టింది. "రొట్టెకూ పనికొస్తాది, చక్రం ఊడితే దానికీ పనికొస్తాది," అంది. రైలు కదిలేటప్పుడు ఆమె చెయ్యి ఊపలేదు. మలుపు దగ్గర నేను చాపే చెయ్యిలాగా, ఎడమ చెయ్యి పక్కకు చాపి నిలబడింది.

అబిసీనియాలో ఇటలీ ఆయన నా లైసెన్సును తిరగేసి, మరగేసి, నన్ను చూసి, నా జడ చూసి, ఒక తెల్లటి చిన్న కారు తాళం ఇచ్చాడు. మా ఆయన నా కుడిపక్కన కూర్చున్నారు. చిక్కిపోయారు, నిజంగానే. "అంతా అలవాటైందా?" అంటే, "ఆఁ," అన్నాను. రోడ్డుకు కుడిపక్కనే పోయాను. గాడిదలు అడ్డమొస్తే ఆపాను. ఆయన ముఖంలో గర్వం కనపడుతోంది. అంతలో కూడలి వచ్చింది. సింహం.

ఆ సింహాన్ని నేను చూశాను. జూలు, కోరలు, ఎత్తిన పంజా. నాకు మా చెంచులమ్మ పెనిమిటి నరసింహస్వామే కనిపించాడు. ఇంకేముంది, కాళ్లకూ చేతులకూ పుట్టినప్పటినుంచి తెలిసిన దారి ఒకటే. స్వామిని కుడిచేతి పక్క ఉంచుకుని ప్రదక్షిణం మొదలుపెట్టాను. ఎదురుగా ఒక లారీ, దాని పక్కన గుర్రపు బండి, అన్నీ నా మీదికే. ఈలలు, హారన్లు. మా ఆయన "ఏయ్, ఏయ్, అటు కాదు..." అంటున్నారు. భయమేసినప్పుడు నేను ఏం చేస్తానో మీకు తెలుసు. కళ్లు మూసుకుని రెండు చేతులూ జోడించాను.

కాలు బ్రేకు మీద పడి, క్లచ్చి తొక్కకపోవడం వల్ల కారు ఒక్కసారి ఎగిరి ఆగిపోయింది. (నా తప్పులను నా తప్పుల చేతే ఆపించిన స్వామికి కోటి దండాలు.) కళ్లు తెరిస్తే కిటికీ దగ్గర పోలీసాయన. నా చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. ఆ దేశంలో ఎదుటివాళ్లకు నడుం వంచి నమస్కరించడం గొప్ప మర్యాద. ఈ ఆడమనిషి తనకోసమే బండి ఆపి దండం పెడుతోందనుకున్నాడు కాబోలు, ఆయన కూడా నడుం వంచి వందనం చేశాడు. నేను మళ్లీ చేశాను. ఆయన మళ్లీ చేశాడు. లారీవాడు తల పట్టుకున్నాడు. చివరికి పోలీసాయన కూడలికి వచ్చే బండ్లన్నిటినీ చెయ్యెత్తి ఆపేసి, నన్ను నా దారినే పొమ్మని సైగ చేశాడు. ఆ ఊరు ఊరంతా నిలబడి చూస్తుండగా నా ప్రదక్షిణం పూర్తి చేశాను.

మా ఆయన అద్దాలు తీసి తుడుచుకుని, పెట్టుకుని, ఎంతో మర్యాదగా అడిగారు. "ఒకటి చాలా, మూడూ చేస్తావా?"

ఆ కొండ మీది ఇంట్లో మేమున్నన్నాళ్లూ ఆ కారు నేనే నడిపాను. సింహాన్ని ఎడమచేతి పక్క ఉంచుకోవడం అలవాటైంది, మనసులో క్షమించమని అడుగుతూనే.

ఇప్పుడు మార్కాపురం ఇంట్లో అత్తగారు లేరు, మామగారు లేరు. లారీ మామ లేడు. నా కుడిపక్క మనిషి కూడా పోయి కొన్నేళ్లయింది. పొద్దున తులసమ్మకు ప్రదక్షిణాలు కుడిచుట్టే చేస్తాను. అవి అయ్యాక, ఎవరూ చూడకుండా, రోలు చుట్టూ ఒక్కటి ఎడంచుట్టు. తర్వాత కాఫీ గ్లాసు తెచ్చుకుని వసారాలో కూర్చుంటాను. మనిషినొక్కదాన్నే గాని ఎందుకో పీటలు రెండూ వేస్తాను. మొన్న పాలుపోసే ఆమె చూసింది.

"ఎవురొస్తాండారు పెద్దమ్మా?"

"ఎవురూ రావడంలే తల్లీ. మేమే పోతాండాము," అన్నాను.

ఆమె నన్ను అదోలా చూసి, పాలు పోసి వెళ్లిపోయింది. నేను నవ్వుకుని, గ్లాసు కింద పెట్టి, ముందు మలుపు ఉంది గదా, ఎడమ చెయ్యి బయటికి చాపాను.